బిగుసుకుపోయిన రీలు

సోమవారం భోగాపురం ఒడ్డున జరిగింది రెండు ముక్కల్లో చెప్పేస్తాను, లేకపోతే ఈ వారం సంగతి ఎవరికీ అంతుపట్టదు. చేపల గేలం కర్రకి బిగించే రీళ్లు రెండు, రెండు కంపెనీలవి, పోటీకి దిగాయి. ఒకటి మద్రాసు వాళ్ల తరంగ్, రెండోది కలకత్తా వాళ్ల మకర. ఏది గెలిస్తే దాని ఏజెన్సీ విజయనగరం ఉమాపతి కొట్టుకి. రెండింటినీ విసిరినవాడు ఉమాపతి దగ్గర పదిహేనేళ్లుగా పనిచేస్తున్న గంగులు. మకర మూడు విసుర్లూ ఎనభై గజాలు దాటింది. తరంగ్ మొదటి విసురుకి అరవై వెళ్లింది. రెండో విసురుకి దారం చుట్టుకునే డ్రమ్ము మధ్యలో పట్టేసి దారమంతా చిక్కుపడింది. మూడోసారి గేలానికి పండుగప్ప పడి ఒక్క గుంజు గుంజేసరికి డ్రమ్ము తిరగలేదు, నైలాన్ దారం తెగింది, చేప పోయింది. ఆ రెండు రీళ్లనీ పోటీకి ముందు ఇంట్లో పెట్టుకుని, విప్పి చూసి, ఏది ఎలాంటిదో రాసి ఇచ్చినవాణ్ణి నేను, గడియారాల జగన్నాధాన్ని. తరంగ్ కంపెనీ మనిషి లక్ష్మణరావు ఇసకలో నా ఎదురుగా నిలబడి, అంతమందిలో, "మకర వాళ్లు నీకెంత ఇచ్చారు?" అని అడిగాడు. రేపు పదింటికి కొట్లో అందరి ముందూ రీలు విప్పిద్దామని ఉమాపతి అనకపోతే ఆ పూట నా చెయ్యి ఊరుకునేది కాదు.

నాకు కోపం వస్తే మాట తగ్గి పని ఎక్కువవుతుంది. మంగళవారం పొద్దున్న ఆరింటికే కూర్చుని మూడు అలారం గడియారాలు విప్పి బల్ల నిండా పరిచాను. ఏడున్నరకి హైస్కూలు లెక్కల మాస్టారు వచ్చి తన వాచీ అయిందా అని అడిగాడు. ఇంకా రెండు రోజులు పడుతుందన్నాను.

"పోన్లెండి, అవకపోయినా పర్వాలేదు, ఇచ్చెయ్యండి" అన్నాడు.

నా మొహంకేసి చూడకుండా వాచీ జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ఇరవైరెండేళ్లుగా ఈ వీధిలో జనం చీటీ అడక్కుండా నా దగ్గర వాచీలు వదిలేసి పోతున్నారు. బంగారు గొలుసు వాచీలు కూడా. నాకున్న ఆస్తి అదొక్కటే. భోగాపురంలో అన్న మాట తెల్లారేసరికి నా గుమ్మంలోకి వచ్చి కూర్చుంది.

మా ఇల్లూ దుకాణమూ ఒకటే. ముందు గదిలో గడియారాలు, వెనక గదిలో సంసారం. నా భార్య కూర్మమ్మకి ఈ గొడవ చెప్పలేదు. చెప్తే ఊరుకునే మనిషి కాదు. ఇడ్లీల మీద చట్నీ వేస్తూ, "మొకం అలాగెట్టేరేటి?" అంది.

"ఏం లేదు."

"ఏటీ నేకపోతే ఇడ్లీని అలాగ నలపరు" అంది.

తిన్నాననిపించి చిన్న స్క్రూడ్రైవర్ల పెట్టె పట్టుకుని బయల్దేరాను.

ఉమాపతి కొట్టు గంటస్తంభం దగ్గర. కొక్కేలు, దారం ఉండలు, గేలం కర్రలు, వాటి వెనక మేకులూ తాళాలూ. ఉమాపతి గొంతు ఎప్పుడూ పైకి లేవదు. ఎంత పెద్ద సంగతైనా పక్కవాడికి రహస్యం చెప్పినట్టు చెప్తాడు. ఇన్నాళ్లూ దాన్ని పెద్దమనిషి తరహా అనుకున్నాను. ఆ రోజు మాత్రం ఆ మెత్తదనం నా చెవికి నచ్చలేదు. అనుమానం ఒకసారి మొదలైతే అంతే, మంచివాడి నవ్వు కూడా లెక్కకు వస్తుంది. మకర కంపెనీ మనిషి నరసింగరావు కిళ్లీ నములుతూ గోడకి చేరబడి ఉన్నాడు. గెలిచినవాడికి ఉండాల్సిన సంబరం ఆ మొహంలో లేదు. అదీ నాకు నచ్చలేదు. గంగులు మెట్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లక్ష్మణరావు నన్ను చూడగానే కుర్చీ అటు తిప్పుకున్నాడు.

"ముందు మీరు రాసింది చదవండి జగన్నాధంగారూ" అన్నాడు ఉమాపతి.

12-10-68 అని తారీకు వేసి నేనే రాసిన కాయితం తీసి చదివాను. తరంగ్ బరువు ఎక్కువ. పక్కమూతలు ఇత్తడివి, లోపలి పళ్లచక్రాలు రెండూ ఇత్తడివే. హ్యాండిలు ఒక చుట్టు తిప్పితే డ్రమ్ము నాలుగు చుట్లు తిరుగుతుంది. బ్రేకు గట్టిది, ఉప్పునీటికి తట్టుకుంటుంది. మకర తేలిక, చేతికి అందంగా అమరుతుంది, మూతలు బేకలైటు ప్లాస్టిక్‌వి. డ్రమ్ము బాగా తిరుగుతుంది గనక దూరం పోవచ్చు. కాని అందులో పెద్ద పళ్లచక్రం గట్టి అట్టలాంటి ఫైబరుది. ఇసక పడితే రెండు వర్షాకాలాల్లో పళ్లు అరుగుతాయి, పెద్ద చేప గుంజితే విరుగుతాయి. సరదాకి చెరువులో గేలం వేసే ఆఫీసర్లకి ఏదైనా ఒకటే. ఒడ్డున నిలబడి సముద్రంలోకి విసిరి దాని మీద బతికేవాళ్లకి తరంగ్ మేలు.

"మకర వాళ్ల దగ్గర తిన్నవాణ్ణయితే ఇలా రాస్తానా?" అని లక్ష్మణరావుని అడిగాను.

"అలా రాశావు కాబట్టే నా అనుమానం" అన్నాడు. "కాయితం మీద మమ్మల్ని పొగిడావు. చేత్తో చెయ్యాల్సింది చేశావు. రేపు ఎవరైనా నిలదీస్తే చూపించుకోడానికి కాయితం ఉంది."

నాకు ఒళ్లు మండిపోయింది. మండింది అతని మాటకి కాదు. అతని స్థానంలో నేనున్నా అలాగే అనుకునేవాణ్ణి, అందుకు.

తరంగ్‌ని బల్ల మీద పెట్టుకుని పక్కమూత స్క్రూలు నాలుగూ తీశాను. అందరూ మీదికి వంగారు. డ్రమ్ము ఇరుసు కూర్చునే గుంటలో, బ్రేకు దిమ్మల చుట్టూ, పసుప్పచ్చటి ముద్ద ఏదో నూనెతో కలిసి గట్టిపడి ఉంది. ఇలాంటిది లోపలుంటే డ్రమ్ము తిరగడం కాదు, కదలడమే గొప్ప.

"చూశారా?" అన్నాడు లక్ష్మణరావు. "ఏదో మందు పెట్టారు. ఇది తనంత తాను వచ్చిందా?"

గోటితో కాస్త తీసి వాసన చూశాను. కొమ్ము పసుపు. ఆ వాసన నాకు తెలుసు. తెలిసిన మరుక్షణం గోరు గుడ్డకి తుడిచేసుకున్నాను.

ఉమాపతి కూడా వేలితో తాకి చూసి గంగులు వైపు తిరిగాడు. "పసుపు. ఒరే గంగులూ, మీ వాళ్లు పడవకీ వలకీ రాస్తారు కదా. దీనికీ రాసేవా?"

"నాను రాయనేదు బావూ" అన్నాడు గంగులు. "పడవకి రాస్తాం, వలకి రాస్తాం. ఇది మనది కాదు కదా, దీన్ని ముట్టుకోడానికే బయపడ్డాను."

"మరి ఇంకెవరు రాస్తారు?"

"నాకేటి తెల్దు బావూ."

"రేపట్నించి కొట్టుకి రాకు" అన్నాడు ఉమాపతి, తాళం చెవి ఎక్కడుందో చెప్పినంత మామూలుగా. "పదిహేనేళ్లుగా ఉన్న మనిషివని పోలీసుల దాకా వెళ్లటం లేదు. సంతోషించు."

గంగులు ఏడవలేదు, కాళ్ల మీద పడలేదు. తువ్వాలు భుజం మీంచి తీసి మళ్లీ భుజం మీదే వేసుకున్నాడు. వాడి ఊళ్లో ఆరుగురు కలిసి రెండు రీళ్లు కొనుక్కుందామని అనుకుంటున్నారు. వీడు చెప్పిన మాట మీదే వాళ్లు కొంటారు. ఇప్పుడు ఊళ్లోకి ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు?

నా నోట్లో మాట ఉంది. బయటికి రాలేదు. మా ఇంటికి బాగుకి వచ్చిన ఏ గడియారమూ కూర్మమ్మ బొట్టు పెట్టకుండా గుమ్మం దాటదు. వచ్చినవాళ్లు నవ్వుకుంటారు, నేను గుడ్డతో తుడిచి ఇస్తాను. రీళ్లకి కూడా సోమవారం పొద్దున్న బొట్లు తుడిచాను. బయటివి. లోపల కూడా పెట్టి ఉంటుందని నాకు తట్టలేదు. ఇప్పుడు చెప్తే ఊరంతా ఏమంటుంది? జగన్నాధానికి ఇచ్చిన వస్తువులో ఆయన పెళ్లాం పసుపు కూరుతుంది, ఆయన చూసుకోకుండా మూత బిగించేస్తాడు అంటుంది. లంచగొండి అన్న పేరైనా కొన్నాళ్లకి పోతుందేమో గాని, చేతగానివాడన్న పేరు పోదు. నిజం చెప్తున్నాను, ఆ రెండు నిమిషాలు గంగులు పోతే పోనీ అనుకున్నాను. అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఒక్క పావుగంట ఆగండి. గంగులూ, నువ్వు ఎక్కడికీ వెళ్లకు" అని చెప్పి మెట్లు దిగాను.

కూర్మమ్మ పెరట్లో మినప్పప్పు కడుగుతోంది.

"ఆ రీళ్లకి పసుపు పెట్టేవా?" అని అడిగాను.

"ఎట్టేను. ఎట్టకుండా మనింట్లోంచి ఏ వస్తువు బయటికెల్లింది?"

"లోపల ఎందుకు పెట్టేవు?"

"మూతలు ఊడదీసి బల్ల మీద ఎట్టింది మీరే కదా. సక్రానికి ఇరుసు కాడ కాకపోతే ఇంకెక్కడ ఎడతారు? చీపురుపల్లిలో మా నాన్న కొత్త బండి తెస్తే మా అమ్మ ఇరుసు కాడే ఎట్టీది. మీకు ఆ పని కలిసొస్తే నాలుగు కాలాలు తిండికి లోటుండదని ఎట్టేను."

అదీ నిజమే. ఆదివారం నూనె వేసి, రాత్రంతా ఇంకనిద్దామని మూతలు తీసి గుడ్డ కప్పి పెట్టాను. సోమవారం పొద్దున్న గంగులు రిక్షా దిగి తొందర పెడుతుంటే గబగబా బిగించేశాను. వాచీ అయితే భూతద్దం పెట్టి చూడకుండా మూసేవాణ్ణి కాదు. ఇది చేపల సామానే కదా అనుకున్నాను. తప్పు నాది. అయినా అరిచింది ఆవిడ మీదే. లక్ష్మణరావు అన్న మాట, మాస్టారు వాచీ తీసుకుపోవడం, గంగులు పని పోవడం, అన్నీ ఒక్క గుక్కలో కక్కేశాను.

కూర్మమ్మ అంతా వింది. పప్పు గిన్నె మీద మూత పెట్టింది. చేతులు కడుక్కుని కొంగు నడుముకి బిగించింది.

"పదండి" అంది.

"నువ్వెందుకు? నేను చెప్తాను."

"రాసింది నేను. సెప్పీది మీరేటి?"

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ ఉమాపతి కొట్టు మెట్లు ఎక్కలేదు. ఆ రోజు నా కంటే ముందు ఎక్కింది. లోపలికి వెళ్లి, ఎవరి వైపూ ప్రత్యేకంగా చూడకుండా, "ఆ పసుపు నేను రాసేను. గంగులు కాదు. మా ఆయనకి తెల్దు" అంది.

లక్ష్మణరావు కుర్చీలోంచి లేచాడు. "అమ్మా, ఇది నిజమేనా, లేకపోతే మీ ఆయన్ని తప్పించడానికి చెప్తున్నారా?"

"అబద్దం ఆడీదాన్నైతే ఇంట్లో కూకునే ఆడతాను. ఇంత ఎండలో నడిసొస్తానేటి?"

అతను మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. ఉమాపతి మాత్రం చప్పున అందుకున్నాడు. "సరే, తేలిపోయింది. ఆడవాళ్ల భక్తి, ఎవరి తప్పూ లేదు. జగన్నాధంగారి పేరు నిలబడింది. లక్ష్మణరావుగారూ, మీ కంపెనీకి నేను ఉత్తరం రాస్తాను. మకర వారితో సాయంత్రం సంతకాలు పెట్టుకుంటాం."

"అదెలా?" అన్నాడు లక్ష్మణరావు. "మా రీలు పసుపుతో బిగుసుకుందని తేలాక మళ్లీ పోటీ పెట్టాలి కదా?"

"సముద్రం రోజూ ఒకలా ఉండదు. జరిగింది జరిగిపోయింది."

ఉమాపతి ఇంత తొందరగా ఏ బేరమూ ముగించడం నేను చూడలేదు. తాళంకప్ప కొనడానికి వచ్చినవాడితో కూడా అరగంట మాట్లాడతాడు. లక్ష్మణరావుకి ఇక మిగిలింది కోపం ఒక్కటే. ఆ కోపాన్ని కూర్మమ్మ మీదికి తిప్పాడు.

"ఒక్క మాట చెప్పండమ్మా. రెండు రీళ్లు మీ ఇంట్లో పక్కపక్కనే ఉన్నాయి. మా దానికే ఎందుకు రాశారు? మకరని ఎందుకు వదిలేశారు? ఎవరైనా వదిలెయ్యమన్నారా?"

కూర్మమ్మ అతన్ని వింతగా చూసింది.

"వదలడవేటి బాబూ? ఇద్దరు కోడళ్లు గడపలోకొస్తే ఒకదానికి బొట్టెట్టి ఇంకోదాన్ని పొమ్మంతానేటి? రెండింటికీ ఎట్టేను. ఒక్కలాగే ఎట్టేను."

నరసింగరావు కిళ్లీ నమలడం ఆపాడు.

సోమవారం పొద్దున్న నేను గుడ్డతో తుడిచిన బొట్లు గుర్తు చేసుకున్నాను. రెండు. తరంగ్ ఇత్తడి మీద ఒకటి, మకర నల్లటి బేకలైటు మీద ఒకటి. బేకలైటు మీద పసుపు మరక పోక ఉమ్మితో రుద్దాను కూడా. లోపల అంత పసుపుతో ఒకటి బిగుసుకుపోతే, రెండోది మూడు విసుర్లూ ఎనభై గజాలు ఎలా పోయింది?

"మకరని ఇలా ఇవ్వండి" అన్నాను.

"గెలిచిన వస్తువుని విప్పడం దేనికి?" అన్నాడు ఉమాపతి.

"విప్పితే కంపెనీ పూచీ ఉండదు" అన్నాడు నరసింగరావు.

"శనివారం నేను విప్పినప్పుడు ఉన్న పూచీ ఇవాళ ఎక్కడికి పోయింది?" అని అడిగాను.

గంగులు మెట్ల దగ్గర్నించి వచ్చి, అద్దాల పెట్టెలో ఉన్న మకరని తీసి నా ముందు పెట్టాడు. పనిలోంచి తీసేసిన మనిషిని అది ముట్టుకోవద్దనడానికి కూడా ఎవరికీ నోరు రాలేదు. స్క్రూలు ఒక్కొక్కటే తీశాను. మూత ఊడింది.

లోపల పసుపు లేదు. ఇరుసు దగ్గర లేదు, దిమ్మల దగ్గర లేదు, స్క్రూల గాడుల్లో లేదు.

"ఎవరో తుడిచి ఉంటారు" అన్నాడు నరసింగరావు.

"పసుపు తుడవచ్చు" అన్నాను. "మరి ఇదేమిటి?"

స్క్రూడ్రైవరు మొనతో చూపించాను. పెద్ద పళ్లచక్రం. నేను శనివారం నా కళ్లతో చూసి ఫైబరని రాసిన చక్రం. ఇప్పుడు అక్కడ ఇత్తడిది తళతళలాడుతోంది. ఫైబరు చక్రాన్ని తుడిస్తే ఇత్తడి అవుతుందా? లక్ష్మణరావు నా చేతిలోంచి కాయితం లాక్కుని మళ్లీ చదివాడు, మళ్లీ రీలుకేసి చూశాడు. ఈసారి నన్ను "మీరు" అన్నాడు.

"అంటే మీ ఇంట్లో ఉన్న మకర ఇది కాదంటారా?"

"కాదు. పైకి ఒకేలా ఉంది, లోపల వేరే. ఒడ్డున విసిరింది ఇది. రేపు ఈ కొట్లో జనం కొనుక్కునేది ఫైబరుది." గంగులు ఊళ్లోవాళ్లు కొనేది కూడా అదే. "గంగులూ, సోమవారం పొద్దున్న నా దగ్గర రెండు రీళ్లూ తీసుకుని ఎక్కడికెళ్లేవు?"

"తిన్నగా ఇక్కడికే వచ్చేను."

"ఎవరికిచ్చేవు?"

గంగులు ముందు మెట్ల కేసి చూశాడు. పదిహేనేళ్లు ఆ కొట్టు ఉప్పు తిన్నాడు. తర్వాత ఉమాపతినే చూస్తూ చెప్పాడు. "మీ సేతికే కదా ఇచ్చేను బావూ. గదిలోకి అట్టుకెల్లి, కారెక్కీముందు మళ్లీ నా సేతికిచ్చేరు."

నేను గంటసేపటి నుంచి నరసింగరావుని అనుమానిస్తున్నాను. మకర వాళ్లు ఇచ్చే కమీషను ఎక్కువ, అది తీసుకునేది ఉమాపతి అని నాకు తట్టనే లేదు. ఉమాపతి మొహంలో మార్పేమీ లేదు. తన గోళ్లు చూసుకుంటూ, ఎప్పటి మెత్తటి గొంతుతోనే అన్నాడు.

"జగన్నాధంగారూ, ఆ మూత బిగించెయ్యండి. మీ ఇంటావిడ చేసిన పని నేను బయట అనను. ఊళ్లోకి వచ్చే మకరలన్నీ రిపేరుకి మీ దగ్గరికే పంపిస్తాను. గంగులు ఎలాగూ వెళ్లిపోతున్నాడు. మిగతావి మనం మనం కూర్చుని మాట్లాడుకుందాం."

నా చేతిలో స్క్రూ ఉంది. బిగిస్తే నా వాచీలు నాకు తిరిగి వస్తాయి. అదేమీ చిన్న ఆశ కాదు. నేను వెంటనే కాదనలేదు, అది ఒప్పుకుంటున్నాను.

ఈలోపు కూర్మమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. విప్పి ఉన్న మకరని, దాని మూతని, స్క్రూలతో సహా కొంగులో వేసుకుని ముడేసింది. ఎవరూ తేరుకోకముందే మెట్ల వైపు నడిచింది.

ఉమాపతి గొంతు పైకి లేవడం నేను మొదటిసారి విన్నాను.

"ఒరే గంగులూ, ఆవిణ్ణి ఆపరా."

గంగులు పక్కకి జరిగి కూర్మమ్మకి దారి ఇచ్చాడు.

"నన్ను పన్లోంచి తీసేసినారు కదా బావూ" అన్నాడు.